బండిలో ఏడుగురం

అక్క నిశ్చితార్థం చెడిపోయిన ఏడాది మా ఇంట్లో ఒక ఒప్పందం జరిగింది. దోహాలో, మదీనత్ ఖలీఫాలో ఒక పెద్ద విల్లాకి మధ్యలో గోడలు లేపి నాలుగు వాటాలు చేశారు. వెనక వాటా మాది. హాల్లో సోఫా, ఎదురుగా టీవీ, మధ్యలో ఒక మూల పగిలిన గాజు బల్ల. అక్క ఆ బల్ల అవతల నిలబడి చెప్పింది.

"నేనే అడిగేదాకా నన్ను ఎవరి ముందూ కూర్చోబెట్టకండి. ఫోటో పంపొద్దు, జాతకం పంపొద్దు. నాకు చెప్పకుండా ఏదీ వద్దు."

నాన్న టీవీ సౌండు తగ్గించాడు. "సరేనమ్మా, ఖలాస్. మాటిస్తున్నా."

నిశ్చితార్థం తెంపేసిన అవతలివాళ్ళు హైదరాబాదువాళ్ళు. ఉంగరాలు మార్చుకున్నాక, కల్యాణమండపం మాట్లాడుకున్నాక, ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి మావాడు వద్దంటున్నాడన్నారు. ఎందుకో చెప్పలేదు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. ప్లాంటులో ఒక మీటరు తేడాగా చూపిస్తే మేం మూడు చోట్ల వెతుకుతాం: మీటరులో, దానికొచ్చే వైరులో, అసలు పైపులో. అక్క సంగతి వచ్చేసరికి దోహాలోని తెలుగువాళ్ళంతా మీటరునే విప్పి చూశారు. ఉగాది సంబరాల్లో ప్లేటు పట్టుకుని వరసలో నిలబడితే ముందొక ఆంటీ, వెనకొక ఆంటీ. "ఇంతకీ ఏమైందమ్మా? నువ్వేమన్నా అన్నావా?" ఆ తర్వాత అక్క ఏ సంబరానికీ రాలేదు. అల్ వక్రాలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఆమె ఉద్యోగం. డ్యూటీకి వెళ్ళేది, వచ్చేది, తలుపు వేసుకునేది. గదిలోంచి టీవీ శబ్దం వినపడేది. ఎప్పుడూ అడవులు, ఏనుగులు, నది దాటే మందలు.

రెండేళ్ళు అలా గడిచాక ఒక శుక్రవారం భోజనాల దగ్గర తనే నోరు విప్పింది. "నాకు ఏనుగుల్ని చూడాలనుంది. జూలో కాదు. తూర్పు ఆఫ్రికాలో పార్కులున్నాయట కదా, అక్కడ."

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. నాన్న వెంటనే, "వెళదాం. అందరం వెళదాం," అన్నాడు. ఏసీ సర్వీసింగ్ చేయించాలన్నా వారం ఆలోచించే మనిషి. మేము సంతోషంలో ఉండి ఆ తొందర గురించి ఆలోచించలేదు. రెండు రోజుల తర్వాత, దారెస్సలాంలో ఉండే ఒక కుటుంబం కూడా మనతో వస్తోందని చెప్పాడు. "మన గోదావరి వాళ్ళే. పైపుల ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం. భాషొచ్చినవాళ్ళు తోడుంటే మనకే మంచిది." అక్క పర్లేదంది. ఆమెకి ఏనుగులుంటే చాలు.

ఏర్పాట్లు నాకు అప్పగించారు. అలాంటి పనులు నాకిష్టం. చక్రాల పెట్టెలు పనికిరావు, మెత్తటి సంచులే ఉండాలి. దుమ్ముకి ముక్కుగుడ్డలు. ఎల్లో ఫీవర్ టీకా. బట్టలు ఖాకీ, బూడిద, ఆకుపచ్చ. ముదురు నీలం, నలుపు వద్దు. మేము వెళ్ళే మొదటి పార్కులో ఒక రకం అడవి ఈగలుంటాయి, ఆ రంగులకి వచ్చి వాలి బట్టలోంచే కుడతాయి. ఇదంతా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. అమ్మ విని, నెమలికంఠం రంగు పట్టుచీర ఒకటి, అదే రంగు చుడీదార్ ఒకటి తెచ్చి అక్క సంచిలో పెట్టింది.

"అమ్మా, నీలం వద్దన్నాను కదా."

"లాడ్జిలో రాత్రి భోజనాలుంటాయి కదరా. ఖాకీ చొక్కాతో కూర్చుంటే వాచ్‌మన్ కూతురనుకుంటారు."

అక్క నవ్వి చుడీదార్ ఉండనిచ్చి, చీర మాత్రం తీసి బయట పెట్టింది. విమానం దిగి సంచి విప్పితే అది నా బట్టల మధ్యలో ఉంది.

దారెస్సలాం వాళ్ళు మమ్మల్ని అరూషాలో హోటల్ దగ్గర కలిశారు. భార్యాభర్తలు, ముప్పై దాటిన కొడుకు. పెద్దాయన నాన్నకి ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని, "రండి బావగారూ, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు. ఆవిడ అమ్మని చూసి, "వదినగారూ, ఫోన్లో కన్నా చిన్నగా ఉన్నారే!" అంది. అమ్మ సిగ్గుపడి, "మీరు మాత్రం ఏం వదినగారూ," అంది.

మా అమ్మ దోహాలో ఎందరితోనో మాట్లాడుతుంది. కొందరు అక్కలు, కొందరు చెల్లెళ్ళు, మిగతా అంతా ఫలానా పాప మమ్మీ. వదినగారు అని ఎవరినీ పిలవగా నేను వినలేదు. నాన్నకి ఆఫీసులో అంతా భాయ్‌లూ సార్లే, బావగారు ఒక్కరూ లేరు. తెలుగిళ్ళలో పరిచయం లేనివాళ్ళని ఆ వరసలు పెట్టి పిలవాలంటే మధ్యలో ఒక పిల్లా ఒక పిల్లాడూ ఉండాలి.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "విన్నావా?"

"విన్నాను."

"నీకు ముందే తెలుసా?"

"లేదక్కా. ఒట్టు."

నా మొహం చూసి నమ్మింది. "మర్యాదకి అన్నారేమోలే," అని తనే అంది. ఆ మాట నాతో కన్నా తనతోనే చెప్పుకుంది. రెండేళ్ళ తర్వాత అడిగిన మొదటి కోరిక అది. దాన్ని అప్పుడే పాడుచేసుకోవాలని ఎవరికుంటుంది?

పొద్దున్నే అమ్మ చుడీదార్ ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టింది. అక్క ఖాకీ చొక్కా మాట ఎత్తితే అది ఉతకడానికి ఇచ్చేశానంది. కొత్త చొక్కాని ఉతకడానికి ఇచ్చింది! అక్క నీలం తొడుక్కుంది.

బండి పైకప్పు లేచే ల్యాండ్ క్రూజర్. డ్రైవర్ పక్కన ఒక సీటు, వెనక జంటలుగా మూడు వరసలు, మధ్యలో నడవ. మేము ఏడుగురం, సీట్లు ఏడు. నాన్న తలుపు దగ్గర నిలబడి, ఫ్యాక్టరీ బస్సు ఎక్కిస్తున్నట్టు ఒక్కొక్కర్నీ లోపలికి పంపాడు. "యల్లా, యల్లా. నువ్వు ముందుకెళ్ళరా, నీళ్ళ పెట్టె నీ దగ్గరుంటుంది. బావగారూ, మనిద్దరం ఇక్కడ. అమ్మా, నువ్వు ఆ వరసలో. బాబూ, నువ్వు ఈ పక్క. ఆడవాళ్ళు వెనక." కూర్చున్నాక వెనక్కి తిరిగి చూశాను. అక్కా, వాళ్ళబ్బాయీ మధ్య వరసలో, ఒకరు ఇటు కిటికీ, ఒకరు అటు కిటికీ. వాళ్ళ వీపుల వెనక ఇద్దరు తల్లులు. ముందు నుంచి తలలు తిప్పి చూస్తూ ఇద్దరు తండ్రులు.

పార్కు గేటు దాటాక డ్రైవర్ నియమాలు చెప్పాడు. బండిలోంచి చెయ్యి బయటపెట్టకూడదు. గట్టిగా అరవకూడదు. ఆయన చెప్పిన చోట తప్ప ఎక్కడా కిందికి దిగకూడదు. నాన్న గల్ఫ్ అలవాటుకొద్దీ ఆయనతో హిందీలో, "ఠీక్ హై, ఠీక్ హై, సీదా చలో," అన్నాడు. ఆయన నవ్వి పోనిచ్చాడు.

ప్రశ్నలు నెమ్మదిగా మొదలయ్యాయి.

"ఫార్మసీ అంటే మందుల షాపులాంటిదా అమ్మా, ఆసుపత్రి లోపలా?" అంది ఆవిడ వెనక నుంచి.

"లోపలే ఆంటీ."

"నైట్ డ్యూటీలుంటాయా?"

"ఉంటాయి."

"పెళ్ళయ్యాక మార్పించుకోవచ్చులే," అంది ఆవిడ అమ్మతో. అమ్మ, "ఆ, మార్పిస్తారట," అంది. ఆసుపత్రిలో అలా ఎవరూ అనలేదు.

"జీబ్రా!" అన్నాను నేను. నిజంగానే ఎడమ పక్క పది పన్నెండు ఉన్నాయి. ఎవరూ అటు చూడలేదు. అప్పటికే ఈగలొచ్చాయి. నాన్న బూడిదరంగు చొక్కా మీద ఒక్కటీ లేదు, అక్క నీలం చేతుల మీద నాలుగైదు. ఆమె దులుపుకుంటోంది. సూదితో పొడిచినట్టు కుడతాయవి. వాళ్ళబ్బాయి తన టోపీ తీసి నడవ మీదుగా ఇచ్చాడు. "దీంతో కొట్టండి, చేత్తో కొడితే పోవు." అక్క తీసుకుంది. వెనక ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోవడం నాకు అద్దంలో కనిపించింది.

ఒక మలుపు తిరగ్గానే డ్రైవర్ బండి ఆపి ఇంజను కట్టేశాడు. దారికి అడ్డంగా ఏనుగులు. ముందు ఒక ముసలిది, దాని వెనక తల్లులు, కాళ్ళ మధ్యలో పిల్లలు. అంత దగ్గరగా ఉన్నా అడుగుల చప్పుడు లేదు. ఆకులు విరిచే శబ్దమే వినబడుతోంది. అక్క సీట్లో ముందుకి వంగింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. నేను ఆమెని అలా చూసి చాలా కాలమైంది. ఆమె అడిగింది ఇదే, ఇప్పుడు ఎదురుగా ఉంది.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఆవిడ గొంతు. "ఎండగా ఉంది పాపం. బాబూ, మీ బావకో నీళ్ళ సీసా అందించు."

నా చెయ్యి నీళ్ళ పెట్టె మీదే ఆగిపోయింది. నాన్న దారి చివర ఏదో ఉన్నట్టు కిటికీలోంచి చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

అక్క టోపీని నడవ మీదుగా అతని సీట్లో పెట్టింది. తర్వాత ముందుకి చూసి డ్రైవర్‌తో ఇంగ్లీషులో, మెల్లగా, "నేను దిగాలి. తలుపు తియ్యండి," అంది.

"ఇక్కడ కుదరదు మేడమ్. ఏనుగులున్నాయి."

"తెలుసు. దిగాలి."

"మేడమ్, భోజనాల చోటు వచ్చేదాకా కుదరదు. సారీ."

అక్క లేచి నిలబడింది. పైకప్పు ఎత్తి ఉంది కాబట్టి నిలబడితే తలా భుజాలూ బయటికి వచ్చాయి. ఇనుప కడ్డీ పట్టుకుంది. మాకు లోపల ఆమె నడుము, నీలం కుర్తా, కడ్డీ మీద తెల్లబడిన వేళ్ళు, ఇంతే కనబడుతున్నాయి. "కూర్చోవే, కళ్ళు తిరుగుతాయి," అంది అమ్మ. ఏనుగులు వెళ్ళిపోయాయి, బండి కదిలింది, దుమ్ము లేచింది. ఆమె అలాగే నిలబడింది. భోజనాల చోటు వచ్చేదాకా కూర్చోలేదు. ఈగలు మాత్రం ఆమె చేతుల మీదికి వస్తూనే ఉన్నాయి. ఆమె కొట్టుకోవడం మానేసింది.

భోజనాల చోట నది మీదికి ఎత్తుగా ఒక మెట్ట, చెట్ల కింద సిమెంటు బల్లలు. కొమ్మల మీద చిన్న కోతులు కాచుక్కూర్చున్నాయి. అక్క దిగగానే తిన్నగా వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్ళింది.

"ఇది పెళ్ళిచూపులని మీకు తెలుసా?"

అతను తెల్లబోయాడు. "మీకు తెలీదా? మీరే చెప్పారన్నారు. ఇంట్లో కూర్చుని చూడటం మీకిష్టం లేదు, ఇలా అయితే వస్తానన్నారని." తన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, ఏంటిది?"

"నన్నడుగుతావేంట్రా? అన్నయ్యగారు ఎలా చెబితే అలా వచ్చాం," అంది ఆవిడ.

అందరం నాన్నని చూశాం. నాన్న పులిహోర డబ్బా మూత తీయబోతున్నాడు. మూత బిగుసుకుపోయింది.

"మాటిచ్చావు నాన్నా," అంది అక్క.

"ఇచ్చాను. కాదన్నానా? నువ్వే చెప్పు, ఇక్కడ కాఫీ ట్రే ఉందా? పట్టుచీర కట్టించామా? పాట పాడమన్నారా? అందరం కలిసి బండెక్కాం. దీన్ని పెళ్ళిచూపులంటే ఎలాగమ్మా?"

"చీర తెచ్చారు. తమ్ముడి సంచిలో ఉంది."

"అది మీ అమ్మ..." నాన్న మూత వదిలేశాడు. "వచ్చే ఏడు నా రిటైర్మెంటు. నా వీసా అయిపోతే దాని మీదున్న నీ వీసా ఏంటి? వీడి పెళ్ళెప్పుడు? నీ తర్వాత కదా వీడికి చెయ్యాలి. ముందే చెబితే నువ్వు వస్తావా?"

"రాను."

"మరి!"

అది చాలా సరైన వాదనలా అన్నాడు. నేను కలగజేసుకున్నాను. "నా పెళ్ళి మాట మధ్యలోకి తేవద్దు నాన్నా."

"నువ్వూరుకోరా!" అంది అమ్మ. అంటూనే, వాతావరణం చల్లబరుద్దామనుకుందేమో, సంచిలోంచి కాకినాడ కాజాల డబ్బా తీసింది. సెలవు మీద వెళ్ళొచ్చినవాళ్ళతో తెప్పించి మా కంట పడకుండా దాచింది. "ముందు తీపి తినండి వదినగారూ," అని మూత తీసి ఆవిడకి అందించింది. ఆవిడ చెయ్యి చాచేలోగా కొమ్మ మీద నుంచి ఒక కోతి దూకి, రెండు కాజాలు లాక్కుని చెట్టెక్కింది. ఒకటి కొరికింది. పాకం దాని గడ్డం మీదుగా కారింది. ఆశ్చర్యపడ్డట్టు కాజాని తిప్పి తిప్పి చూసుకుంది.

అక్క నవ్వింది. ఆపుకోలేక, బల్ల మీదికి వంగి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. అది చూసి అందరూ నవ్వారు. పెద్దాయన, "సంబంధం ఆ కోతికే ఖాయమైనట్టుంది బావగారూ!" అన్నాడు. నాన్న గట్టిగా నవ్వి నా వైపు చూసి తలూపాడు. గండం గడిచింది అన్నట్టు. నేను మాత్రం అక్క చేతుల్ని చూస్తున్నాను. మోచేతుల దాకా దద్దుర్లు లేచి ఎర్రగా ఉన్నాయి. నవ్వుతూనే కుర్తా చేతుల్ని వాటి మీదికి లాక్కుంది.

ప్రయాణం మధ్యలో ఆపే వీల్లేదు. బండి ఒకటే, దారి ఒకటే, ముందు ఇంకా రెండు పార్కులున్నాయి. మధ్యాహ్నం అక్క డ్రైవర్ పక్కన నా సీట్లో కూర్చుంది, నేను ఆమె చోటికి వెళ్ళాను. నా పక్కన కూర్చున్న అతను చాలాసేపటికి, "నేను వాళ్ళని అడిగి ఉండాల్సింది," అన్నాడు. మంచివాడే. ఆ తర్వాత వాళ్ళున్నన్ని రోజులూ అక్కని పలకరించలేదు, ఆమె వైపు తిరగలేదు. అది అతను చేయగలిగిన మర్యాద.

అక్క డ్రైవర్‌తోనే మాట్లాడింది. ఆ గడ్డి పేరేంటి, మగ ఏనుగులు మందలో ఎందుకుండవు, సింహం ఎందాకా చూడగలదు. మాకన్నా ముందు అన్నీ ఆమెకే కనపడ్డాయి. అగ్నిపర్వతం గుంటలో ఖడ్గమృగం, గడ్డిలో చెవులు మాత్రం తేలుతున్న చిరుత, మైదానం నిండా నడిచిపోతున్న మందలు. "అదిగో," అని వేలు చూపించేది, వెనక్కి తిరగకుండానే. అమ్మ ఒకటి రెండుసార్లు, "మాకు చెబుతోంది చూడు, కోపం తగ్గింది," అని నా చెవిలో అంది. రాత్రి భోజనాలకి అక్క ఖాకీ చొక్కాతోనే వచ్చింది. పట్టుచీర నా సంచిలోనే ఉండి, నా బూట్ల దుమ్ము అంటించుకుని దోహా చేరింది.

వచ్చిన వారానికి వాళ్ళు ఫోన్ చేశారు. నాన్న ఫోన్ పెట్టేసి, మొహం వెలిగిపోతుండగా గాజు బల్ల దగ్గరికి వచ్చాడు. అక్క అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది, ఆసుపత్రి కార్డు ఇంకా మెడలోనే ఉంది.

"వాళ్ళకి ఇష్టమేనట. పిల్లకి కాస్త కోపమున్నా మనసు మంచిదన్నారు. కోతిని చూసి ఎంత బాగా నవ్విందో అన్నారు."

అక్క కూర్చోలేదు. "నా వీసా నీ స్పాన్సర్‌షిప్ నుంచి ఆసుపత్రికి మార్చుకుంటున్నా నాన్నా. కాగితాలిచ్చేశాను. వాళ్ళ క్వార్టర్స్‌లో గది ఇస్తున్నారు, అల్ వక్రాలోనే."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "పెళ్ళికాని పిల్ల ఒక్కతీ ఉంటే నలుగురూ ఏమంటారే?"

"ఆ నలుగురూ అనాల్సింది ఎప్పుడో అన్నారమ్మా."

"అబ్బాయి నచ్చలేదా? అది చెప్పు," అన్నాడు నాన్న. "నచ్చకపోతే వద్దందాం. ఇంకోటి చూద్దాం."

"అబ్బాయి మీద నాకేం కోపం లేదు." మెడలోంచి కార్డు తీసింది. "నీతో ఇంకో బండి ఎక్కలేను నాన్నా."

నాన్న బల్ల పగిలిన మూల మీద వేలు రాస్తూ, "వాళ్ళకేం చెప్పమంటావు మరి?" అన్నాడు.

"నాకేం చెప్పి తీసుకెళ్ళావో అదే చెప్పు. జంతువుల్ని చూడ్డానికి వెళ్ళాం. చూశాం. వచ్చేశాం."

ఆమె వెళ్ళిపోయాక నేను శుక్రవారాలు మెట్రో ఎక్కి అల్ వక్రా స్టేషన్లో దిగి, అక్కడి నుంచి టాక్సీలో వెళ్ళొస్తున్నాను. గది చిన్నది, శుభ్రంగా ఉంటుంది. గోడ మీద ఏనుగుల ఫోటో పెట్టుకుందేమోనని చూశాను. లేదు. ఏ జంతువు ఫోటో లేదు. టీవీలో అడవులు చూడటం కూడా మానేసింది. నేను ఒకసారి ఆ ప్రయాణం మాట ఎత్తితే, చేతి మీద ఈగ కుట్టిన చోట ఇంకా మిగిలి ఉన్న నల్ల మచ్చ గోక్కుని, "టీ తాగుతావా?" అంది.

నాన్న రాలేదు. పిలవలేదు కాబట్టి రానన్నాడు. కొన్ని నెలలు అలా గడిచాక ఒక శుక్రవారం, నేను మెట్రోకి బయల్దేరుతుంటే కారు తాళాలు తీసుకున్నాడు. అమ్మ గుత్తివంకాయ క్యారియర్ ఇచ్చింది. క్వార్టర్స్ ముందు కారు ఆపి, ఇంజను కట్టేసి, ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"అమ్మా, కిందున్నాను. పైకి రావచ్చా?"

అటు నుంచి అక్క గొంతు, "బండిలో ఎవరెవరున్నారు?"

నాన్న నా వైపు చూశాడు.

"నేనూ తమ్ముడూ అమ్మా. అంతే. ఇంకెవరూ లేరు."

"ఉండు, వస్తున్నా."

అక్క కిందికి వచ్చింది గానీ గాజు తలుపు దాటి బయటికి రాలేదు. లోపలే నిలబడి కారుని చూస్తోంది. ఎండ అద్దాల మీద పడి లోపలేముందో ఆమెకి కనపడటం లేదని నాకర్థమైంది. నాన్నకి కూడా అర్థమైంది. ఆయన కారు దిగాడు. వెనక తలుపు తీసి బార్లా తెరిచి పెట్టాడు. అటు పక్కకి నడిచి రెండో తలుపూ తీశాడు. తర్వాత వెనక్కి వెళ్ళి డిక్కీ కూడా ఎత్తాడు. అందులో స్టెప్నీ టైరు, ఒక పాత దుప్పటి ఉన్నాయి. వాటి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్వార్టర్స్ వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి మమ్మల్నే చూస్తున్నాడు.

అక్క బయటికి వచ్చింది. ఖాళీ సీట్లని చూసింది, నన్ను చూసింది. నా చేతిలోంచి క్యారియర్ తీసుకుంది.

"తిన్నారా?"

"తిని వచ్చాం," అన్నాడు నాన్న. తినలేదు.

"వచ్చే వారం పైకి రా. అమ్మని కూడా తీసుకురా. బయల్దేరే ముందే ఫోన్ చెయ్యి. ఎవరెవరు వస్తున్నారో చెప్పు."

"చెబుతానమ్మా. మాట..." అని మొదలుపెట్టి, నాన్న ఆపేశాడు. తలూపాడు. అక్క లోపలికి వెళ్ళి లిఫ్టు ఎక్కేదాకా చూసి, వచ్చి డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. తీసి ఉన్న తలుపులన్నీ నేనే ఒక్కొక్కటిగా వేశాను.